సైన్స్‌లో పీహెచ్‌డీ: అడ్మిషన్ ఆర్డర్ నుంచి ప్రొవిజనల్ దాకా రూల్స్ తెలుసుకుని నడవడం ఎలా

నేను పీహెచ్‌డీలో చేరిన కొత్తలో రూల్స్ పుస్తకం తెరవలేదు. ఫ్యూమ్‌హుడ్‌లో నాకెంత చోటు, ఎన్‌ఎంఆర్ మెషీన్ మీద స్లాట్ ఎవరిని అడగాలి, సార్ మూడ్ ఏ టైమ్‌లో బాగుంటుంది, అప్పట్లో ఇవే పెద్ద ప్రశ్నలు. ఐదో ఏడు చివర్లో థీసిస్ ఇద్దామని డిపార్ట్‌మెంట్ ఆఫీసులో నా ఫైల్ తీయిస్తే, రెండో సెమిస్టర్ ఆర్‌ఏసీ (మన ప్రోగ్రెస్ చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ) రిపోర్టు అందులో లేదు. మీటింగ్ జరిగింది. స్లైడ్లు నేనే చూపించాను, సమోసాలు నేనే తెప్పించాను. సంతకాలు పెట్టిన కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. మెంబర్లలో ఒకాయన అప్పటికే రిటైరై సొంతూరు వెళ్ళిపోయారు. రాత్రి బస్సెక్కి వెళ్ళి, పొద్దున్నే ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ మీటింగ్ జరిగిన మాట నిజమేనని లెటర్ రాయించుకుని, మళ్ళీ రాత్రి బస్సుకే తిరిగొచ్చాను. ఆ తర్వాత రూల్స్ అక్షరం అక్షరం చదివాను. అప్పుడు చదివిందే ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఇందులో సైన్స్ తక్కువ, ఫైల్ ఎక్కువ.

ముందు రెండు డాక్యుమెంట్లు దగ్గర పెట్టుకోండి

ఒకటి, 2022 నవంబరు 7న గెజిట్‌లో వచ్చిన యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పీహెచ్‌డీ రెగ్యులేషన్స్. రెండోది, మీ యూనివర్సిటీ సొంత పీహెచ్‌డీ ఆర్డినెన్స్. ఉస్మానియా అయినా, ఆంధ్రా యూనివర్సిటీ అయినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా యూజీసీ గీసిన గీత లోపలే ఉండాలి. కానీ ఆ గీత లోపల ఎవరి పద్ధతి వారిది. యూజీసీ అడగనిది మీ యూనివర్సిటీ అడగొచ్చు. అందుకే వేరే క్యాంపస్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. ఆ గెజిట్ తేదీకి ముందే రిజిస్టరైన వాళ్ళకు పాత 2009 లేదా 2016 రెగ్యులేషన్సే నడుస్తాయి. సీనియర్ అన్న చెప్పేది ఆయన బ్యాచ్ రూల్ అయ్యుండొచ్చు, చూసుకోండి.

చేరేటప్పుడు

రెండేళ్ళ ఎమ్మెస్సీలో 55 శాతం ఉంటే అర్హత ఉన్నట్టే. నాలుగేళ్ళ డిగ్రీ చేసినవాళ్ళు ఎమ్మెస్సీ లేకుండా నేరుగా రావొచ్చు, కానీ 75 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది.

సైన్స్ వాళ్ళకు ప్రధాన ద్వారం సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. కెమికల్, లైఫ్, ఫిజికల్, మ్యాథమెటికల్, ఎర్త్ సైన్సెస్ అని ఐదు సబ్జెక్టులు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తోంది: జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్ళు, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకూ పీహెచ్‌డీ అడ్మిషన్‌కూ అర్హత వచ్చినవాళ్ళు, పీహెచ్‌డీ అడ్మిషన్‌కు మాత్రమే అర్హులైనవాళ్ళు. చివరి రెండు రకాల వాళ్ళకు అడ్మిషన్‌లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. "వచ్చే ఏడు మంచి గైడ్ దగ్గర చూసుకుందాంలే" అనుకుని వదిలేస్తే మళ్ళీ పరీక్ష రాయాల్సిందే.

గైడ్‌ని ఎంచుకోవడం: ఇక్కడ తొందరపడొద్దు

పేపర్లు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, ల్యాబ్‌లో ఎక్విప్‌మెంట్ ఎలాగూ చూస్తారు. వాటికంటే ముందు మూడు లెక్కలు చూడండి.

మొదటిది వేకెన్సీ. ఒకే సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది స్కాలర్లు మాత్రమే ఉండొచ్చు. "నువ్వు ల్యాబ్‌కి రా, స్లాట్ ఖాళీ అవగానే రిజిస్టర్ చేస్తా" అని ఎవరైనా అంటే నెమ్మదిగా ఆలోచించండి. అలా ఏడాదిన్నర గిన్నెలు కడిగి, కాలమ్‌లు నింపి, చివరికి వేరే గైడ్ దగ్గర మొదట్నుంచి మొదలుపెట్టినవాళ్ళు నాకు తెలుసు. రిజిస్టర్ కాకుండా చేసిన పనికి కాగితం మీద విలువ లేదు.

రెండోది రిటైర్మెంట్ తేదీ. సర్వీసు మూడేళ్ళ లోపు మిగిలిన టీచర్ కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదు. మూడేళ్ళా ఒక నెల మిగిలిన ప్రొఫెసర్ మాత్రం తీసుకోవచ్చు. సైన్స్ థీసిస్ మూడేళ్ళలో అవడం అరుదు కాబట్టి, మీ నాలుగో ఏడు ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్‌కి దండలు తెచ్చేది మీరే. రిటైరయ్యాక ఆయన 70 ఏళ్ళు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా కొనసాగొచ్చు, కానీ మెయిన్ గైడ్‌గా ఇంకొకరి పేరు రావాలి. ఆ ఇంకొకరు ఎవరో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు, అనుభవమున్న ప్రొఫెసర్లు తామే ఈ విషయం ఎత్తుతారు.

మూడోది, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ల విషయంలో. పర్మనెంట్ పోస్టు, పీహెచ్‌డీ, పీర్ రివ్యూడ్ జర్నల్స్‌లో కనీసం మూడు పేపర్లు ఉంటేనే వారికి గైడ్‌షిప్ వస్తుంది. ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్లకైతే ఐదు. కాంట్రాక్టు లెక్చరర్ ఎంత బాగా పాఠం చెప్పినా గైడ్ కాలేరు. ఇది అన్యాయమని నాకూ అనిపిస్తుంది. మన స్టేట్ యూనివర్సిటీల్లో సగం బండి లాగేది వాళ్ళే. కానీ రూల్ అది.

ఇవన్నీ తేలాక ఆ ల్యాబ్ అక్కల్ని, అన్నల్ని క్యాంటీన్లో విడిగా కలవండి. "సార్ ఎలా ఉంటారు" అని అడిగితే "మంచోరే" అంటారు. "గత పదేళ్ళలో మీ ల్యాబ్ నుంచి ఎంతమంది సబ్మిట్ చేశారు, ఎన్నో ఏట చేశారు" అని అడగండి. జవాబు వేరేగా ఉంటుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

చాలామంది పొరపడేది ఇక్కడే. గడువు లెక్క మొదటి ప్రయోగం నుంచి కాదు, టాపిక్ ఖరారైన రోజు నుంచీ కాదు. అడ్మిషన్ తేదీ నుంచే. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ మీద మరో రెండేళ్ళు ఇవ్వొచ్చు, మొత్తం ఎనిమిది దాటకూడదు. మహిళలకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ళు ఇస్తారు, వాళ్ళకు పై హద్దు పదేళ్ళు.

"ఇవ్వొచ్చు" అన్న మాట గమనించండి. రీ-రిజిస్ట్రేషన్ దానంతట అది రాదు. ఆరేళ్ళు నిండకముందే గైడ్ సిఫార్సుతో అప్లికేషన్ కదలాలి. హాస్టల్ గది తలుపు వెనక ఒక కాగితం అంటించి, అడ్మిషన్ తేదీ, ఐదేళ్ళు నిండే తేదీ, ఆరేళ్ళు నిండే తేదీ రాసుకోండి. ఐదో ఏడు నిండేసరికి చేతిలో థీసిస్ డ్రాఫ్ట్ లేకపోతే అప్పుడే ఆఫీసులో మాట కదపండి.

ఇంకో మాట. ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని 2022లో యూజీసీ ఇచ్చిన వెసులుబాటు పీహెచ్‌డీకి వర్తించదు. డీఎస్సీ దృష్టిలో పెట్టుకుని పక్కన రెగ్యులర్ బీఈడీ కూడా కట్టేద్దామనుకునేవాళ్ళు దీన్ని రెండుసార్లు చదవాలి.

కోర్స్‌వర్క్

కనీసం 12 క్రెడిట్లు. అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి. థీసిస్ ఇవ్వాలంటే కోర్స్‌వర్క్‌లో 55 శాతం, లేదా దానికి సమానమైన గ్రేడ్ రావాలి. ఎమ్మెస్సీలో టాప్ వచ్చినవాళ్ళు కూడా దీన్ని తేలిగ్గా తీసుకుని దెబ్బతిన్న సందర్భాలున్నాయి. మార్కుల మెమో చేతికొచ్చిన రోజే రెండు జిరాక్సులు తీసి, స్కాన్ చేసి మెయిల్లో పెట్టుకోండి. దీంతోపాటు వారానికి 4 నుంచి 6 గంటలు ఎమ్మెస్సీ ల్యాబులు, ట్యుటోరియల్స్, వాల్యుయేషన్ పని అప్పగించవచ్చని రూల్ ఉంది. అంతకు మించి డ్యూటీలు పడుతుంటే ఈ అంకె గుర్తుంచుకోండి.

ఆర్‌ఏసీ: ఆరు నెలలకోసారి

రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ అంటే మీ గైడ్, మరికొందరు ఫ్యాకల్టీ. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి మీరు వాళ్ళ ముందు ప్రోగ్రెస్ ప్రెజెంటేషన్ ఇచ్చి, చిన్న రిపోర్టు సమర్పించాలి. ప్రోగ్రెస్ బాగాలేదనుకుంటే కమిటీ కారణాలు రాసి, ఏం సరిదిద్దుకోవాలో చెప్పాలి. అప్పటికీ మారకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫార్సు చేయొచ్చు. అంత దూరం వెళ్ళడం అరుదు. ఎక్కువమందిని ముంచేది, జరిగిన మీటింగ్‌కి కాగితం లేకపోవడం.

మా డిపార్ట్‌మెంట్‌లో తర్వాత బయో సైడ్ నుంచి వచ్చిన ఒక అక్క దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. మీటింగ్‌కి ముందు రోజే మినిట్స్ ఫార్మాట్ మూడు కాపీలు ప్రింట్ తీస్తుంది. తేదీ, మెంబర్ల పేర్లు, సెమిస్టర్ నంబరు టైప్ చేసి ఉంటాయి. సూచనలు రాయడానికి ఖాళీ వదులుతుంది. ప్రెజెంటేషన్ అవగానే, ఎవరూ కుర్చీలోంచి లేవకముందే, టీ ఇచ్చే చేత్తోనే కాగితం, పెన్నూ ముందు పెడుతుంది. "సార్, మీ సజెషన్స్ రాసి సంతకం పెడతారా" అంటుంది. మూడు కాపీలూ అప్పుడే సంతకాలవుతాయి: ఒకటి హెచ్‌ఓడీ ఆఫీసుకి, ఒకటి గైడ్‌కి, ఒకటి తనకి. ఆఫీసుకిచ్చేది ఊరికే బల్ల మీద పెట్టి రాదు, తన కాపీ మీద ఇన్‌వర్డ్ స్టాంపు, నంబరు వేయించుకుంటుంది. మొత్తం పావుగంట పని. నాకది తెలియక రెండు రాత్రులు బస్సులో గడిచాయి.

ఆ సూచనల కాగితం ఇంకో రకంగానూ పనికొస్తుంది. నాలుగో ఏడు ఎవరైనా "ఈ కంట్రోల్ ఎక్స్‌పరిమెంట్ ఎందుకు చేయలేదు" అంటే, రెండో ఏడు కమిటీయే అక్కర్లేదన్న రాత చూపించవచ్చు.

ల్యాబ్‌కి కావాల్సిన పర్మిషన్లు

ఎలుకల మీద పనైతే ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి, మనుషుల రక్తం లేదా టిష్యూ శాంపిళ్ళైతే హ్యూమన్ ఎథిక్స్ కమిటీ అనుమతి, జన్యుమార్పిడి చేసిన జీవులతో పనైతే బయోసేఫ్టీ కమిటీ అనుమతి. ఇవన్నీ పని మొదలుపెట్టకముందే రావాలి. "ముందు చేసేద్దాం, పేపర్ రాసేటప్పుడు నంబరు తెచ్చుకుందాం" అంటే కుదరదు. ఈ కమిటీలు వెనకటి తేదీతో అనుమతి ఇవ్వవు, జర్నల్ అడిగేది ఆ నంబరూ తేదీయే. కమిటీ కూర్చునేది ఎప్పుడో ఒకసారి కాబట్టి, టాపిక్ ఖరారైన వారంలోనే అప్లికేషన్ పెట్టండి.

ల్యాబ్ నోట్‌బుక్ బైండు పుస్తకంలోనే రాయండి, పేజీ నంబర్లు వేసి, తేదీ వేసి. చెరపొద్దు, ఒక గీత కొట్టి పక్కన రాయండి. ఆ పుస్తకం మీది కాదు, ల్యాబ్‌ది. వెళ్ళేటప్పుడు అక్కడే వదలాలి. కాబట్టి స్పెక్ట్రాల రా ఫైళ్ళూ, పేజీల ఫొటోలూ గైడ్ అనుమతితో ఎప్పటికప్పుడు కాపీ పెట్టుకోండి.

డబ్బు

2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000 రూపాయలు. దీనికి హెచ్‌ఆర్‌ఏ అదనం. అది ఊరిని బట్టి మారుతుంది, హాస్టల్ గది ఇస్తే ఉండదు. సీఎస్ఐఆర్ ఫెలోలకు ఏడాదికి 20,000 కంటింజెన్సీ (పరిశోధన చిల్లర ఖర్చులకు) వస్తుంది.

జేఆర్ఎఫ్ రెండేళ్ళు. తర్వాత అసెస్‌మెంట్ జరిగితేనే ఎస్ఆర్ఎఫ్. సీఎస్ఐఆర్ పద్ధతిలో గైడ్, హెచ్‌ఓడీ, బయటి యూనివర్సిటీ నుంచి ఒక నిపుణుడు కూర్చుని పని చూస్తారు. ఆ బయటి సభ్యుడి తేదీ దొరకడమే కష్టం. ఇరవై నాలుగో నెల దాకా ఆగకుండా రెండు మూడు నెలల ముందే సార్‌తో ఫోన్ చేయించండి. యూజీసీ జేఆర్ఎఫ్ అయితే డబ్బు కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా వస్తుంది. ప్రతి నెలా మీరు పనిలో ఉన్నారని యూనివర్సిటీ వాళ్ళు అందులో కన్ఫర్మ్ చేయాలి. ఆ సీట్లో మనిషి సెలవు పెడితే మీ ఫెలోషిప్ కూడా సెలవు పెడుతుంది. ఆ క్లర్క్ గారిని పేరు పెట్టి పలకరించడం నేర్చుకోండి, మర్యాదగా. నెలాఖరున టెన్షన్ సగం తగ్గుతుంది.

సెలవులు, పెళ్ళి, పిల్లలు

ఫెలోలకు ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులు సెలవు. వేసవి సెలవులు, దసరా సెలవులు మనకు లేవు, అవి టీచర్లవి. మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ మొత్తంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. ఆ రోజుల్లో ఫెలోషిప్ ఎలా వస్తుందన్నది ఫెలోషిప్ ఇచ్చే సంస్థ రూల్, దాన్ని విడిగా చూసుకోవాలి.

చాలామందికి తెలియని క్లాజు ఒకటుంది. పెళ్ళయిందనో, ఇంకో కారణంతోనో ఊరు మారాల్సి వచ్చిన మహిళా స్కాలర్ తన రీసెర్చ్ డేటాతో సహా వేరే యూనివర్సిటీకి మారొచ్చు. అయితే ఆ పని పాత సంస్థకో, పాత గైడ్‌కో ఫండింగ్ ఏజెన్సీ ఇచ్చిన ప్రాజెక్టుకు చెందినది కాకూడదు. పాత గైడ్‌కి, సంస్థకి దక్కాల్సిన క్రెడిట్ ఇవ్వాలి. "పెళ్ళయ్యాక పీహెచ్‌డీ ఏం కొనసాగుతుందిలే" అని అత్తింటి వాళ్ళో పుట్టింటి వాళ్ళో అంటే ఈ క్లాజు తీసి చూపించండి.

పేపర్లు, ప్లేజరిజం

2016 రూల్స్‌లో థీసిస్‌కి ముందు కనీసం ఒక జర్నల్ పేపర్, రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు తప్పనిసరి. 2022 రూల్స్ ఆ నిబంధన తీసేశాయి. కానీ మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ అడుగుతోందేమో చూడండి. అడగకపోయినా రాయండి, పేపర్ లేకుండా పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూకి వెళ్ళడం కష్టం. డబ్బులు కడితే నాలుగు రోజుల్లో అచ్చువేస్తామని మెయిల్ చేసే జర్నల్స్ జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఇక ప్లేజరిజం, అంటే ఇతరుల రాత కాపీ. 2018 యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య వస్తే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్ళీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. కెమిస్ట్రీ వాళ్ళకు ఒక చిక్కుంది: "రియాక్షన్ మిక్స్చర్‌ని గది ఉష్ణోగ్రత దగ్గర కలియబెట్టి" లాంటి ప్రొసీజర్ వాక్యాలు అందరివీ ఒకేలా ఉంటాయి, సాఫ్ట్‌వేర్ అన్నింటికీ రంగు పూస్తుంది. మీ సొంత పేపరే థీసిస్‌లో చాప్టర్ అయితే ఇంకా ఎక్కువ. లైబ్రరీలో ఫైనల్ చెక్‌కి ఇచ్చేముందు ఈ రెండు విషయాలూ లైబ్రేరియన్‌తో మాట్లాడండి. సొంత పేపర్లను మినహాయించడానికి గైడ్ నుంచి ఏ సర్టిఫికెట్ కావాలో వాళ్ళే చెబుతారు.

థీసిస్ ఇచ్చాక

ముందు ప్రీ-సబ్మిషన్ సెమినార్. ఆర్‌ఏసీ ఎదుట, ఫ్యాకల్టీ, తోటి స్కాలర్లు అందరూ రావడానికి వీలుగా జరగాలి. అక్కడ వచ్చిన వ్యాఖ్యల్లో పనికొచ్చేవి థీసిస్‌లోకి చేర్చాలి. తర్వాత నో డ్యూస్. లైబ్రరీ, హాస్టల్, మెస్, స్టోర్స్, ఇన్‌స్ట్రుమెంట్ రూమ్, ప్రతిచోటా సంతకం. మూడో ఏడు పగలగొట్టిన క్వార్ట్జ్ క్యువెట్ (శాంపిల్ పోసే చిన్న పాత్ర) ఇక్కడ గుర్తుకొస్తుంది.

థీసిస్‌ని గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూస్తారు, వీలైతే ఒకరు విదేశీయులు. ఇద్దరూ ఒప్పుకుంటేనే వైవా. ఒకరు తిరస్కరిస్తే ప్యానెల్లోంచి మరొకరికి పంపుతారు, ఆయనా కాదంటే థీసిస్ పోయినట్టే. సబ్మిషన్ నుంచి మొత్తం ప్రక్రియ ఆరు నెలల్లో ముగియాలని రూల్. నెలలు గడుస్తున్నా రిపోర్టులు రాకపోతే ఊరికే కూర్చోవద్దు. ఎగ్జామినర్లు ఎవరో మీరు తెలుసుకోకూడదు, వాళ్ళకు మీరు మెయిల్ చేయకూడదు. కానీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో "రిమైండర్ వెళ్ళిందా సార్" అని అడిగే హక్కు మీకుంది, రాతపూర్వకంగా అడగడం ఇంకా మేలు. అక్కడా కదలకపోతే 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీ, దాని పైన అప్పీలు వినే ఆంబుడ్స్‌పర్సన్ ఉండాలి. లైంగిక వేధింపులైతే నేరుగా ఇంటర్నల్ కమిటీకి వెళ్ళాలి, దానికి గైడ్ అనుమతి అక్కర్లేదు.

వైవా అయ్యాక థీసిస్ సాఫ్ట్ కాపీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగకి (థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారానికి) వెళుతుంది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ వస్తుంది.

ఆ సర్టిఫికెట్ మీద పేరు. పదో తరగతి మెమోలో చాలామందికి ఇంటిపేరు ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి వేరే గడిలో రాస్తారు. పేపర్లలో మనం స్టైల్‌గా ఇంకోలా వేసుకుంటాం. థీసిస్ అట్ట మీద, డిక్లరేషన్ మీద, అప్లికేషన్ మీద మాత్రం మెమోలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. బైండింగ్ షాపు అబ్బాయి గోల్డ్ ఎంబాసింగ్ కొట్టకముందు డమ్మీ చూపిస్తాడు. ఎంత హడావుడిలో ఉన్నా, పక్కన మెమో పెట్టుకుని ఆ అక్షరాలు ఒక్కొక్కటిగా వేలితో చదవండి.